ఒంటికన్ను బండి

మన ఆసుపత్రి పత్రికలో ఇంతవరకు మేము బీపీ గురించి, షుగరు ఉన్నవారి పాదాల సంరక్షణ గురించి, బాలింతల ఆహారం గురించి వ్రాసాము. ఈసారి బండి హెడ్‌లైట్ల గురించి వ్రాస్తున్నామంటే మా స్టాఫ్ నర్సులే నవ్వారు. "మెకానిక్ డిప్లమా ఎప్పుడు చేశారు మేడమ్?" అని అడిగారు. చేయలేదు. మాకున్నది నర్సింగు డిప్లమా ఒక్కటే. కాని రాత్రి తొమ్మిది దాటాక క్యాజువాలిటీ తలుపు తోసుకొని లోపలికి వచ్చే స్ట్రెచర్లను ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాము. వాటిలో ఒకటి మా సొంత బండి వల్లనే వచ్చింది. ముందు ఆ సంగతి చెప్పి, తరువాత ఆ లైట్లను మా ఇంటి ముందే ఎలా మార్చుకొన్నామో చెబుతాము.

మావారి పికప్పు 2007 మోడలు. సెకండ్ హ్యాండులో కొన్నది. మామూలు రోజుల్లో కూరగాయల బస్తాలు, పెళ్ళిళ్ళ సీజనులో షామియానా గుంజలు, కుర్చీలు మోస్తుంది. 2023 నవంబరులో దాని కుడివైపు హెడ్‌లైటు వెలగడం మానేసింది. "రాత్రిళ్ళు మనం ఎంత తిరుగుతాం, వచ్చే ఆదివారం చూద్దాంలే" అన్నారు మావారు. సరే అన్నాము. ఆదివారాలు నాలుగు గడిచాయి. తప్పు ఆయనదే అని వ్రాయడం తేలిక. కాని ఓపీ హాలులో రోగులకు "జబ్బు ముదరనివ్వకండి, ముందే రండి" అని చెప్పేది మేమే. ఆ బండిలో పక్క సీటులో కూర్చొని తిరిగిందీ మేమే.

డిసెంబరు మొదట్లో మా పుట్టింటికి వెళ్ళి, కొత్త బియ్యం ఆరు బస్తాలు వేసుకొని తిరిగి వస్తున్నాము. రాత్రి తొమ్మిదిన్నర అయింది. కోతల రోజులు. ఆ రోజుల్లో మన పల్లెల్లో తారు రోడ్డు సగం కళ్ళమే అవుతుంది కదా. ఒక పక్కంతా ధాన్యం ఆరబోస్తారు, బండ్లు తొక్కకుండా అంచు వెంబడి రాళ్ళు పేరుస్తారు. సాయంత్రానికి ధాన్యం రాశి చేసి పట్టా కప్పుతారు గాని, రాళ్ళు మాత్రం అక్కడే ఉంటాయి. మావారు నలభైలోనే నడుపుతున్నారు. రాళ్ళు తప్పించడానికి కొంచెం కుడికి జరిగారు. ఎదురుగా ఒక మోటారు సైకిలు వస్తోంది. బాగా దగ్గరకు వచ్చిన తరువాత ఆ అబ్బాయి ఒక్కసారిగా హ్యాండిలు తిప్పి, రోడ్డు దిగి, పొలం గట్టు మీద పడిపోయాడు. మా బండి అతనికి తగలలేదు. తగలలేదన్నది ఆ రాత్రికి మాకు పెద్ద ఊరట. తెల్లవారేసరికి ఆ ఊరట సగం కూడా మిగలలేదు.

దిగి చూసాము. స్పృహలోనే ఉన్నాడు. మెడ నొప్పి లేదన్నాడు, కాళ్ళు చేతుల వేళ్ళు కదిలించమంటే కదిలించాడు. ఎడమ భుజం మాత్రం జారిపోయినట్టుంది, ముట్టుకోనివ్వడం లేదు. కాలర్ బోను విరిగిందని చూడగానే తెలిసింది. లేపి కూర్చోబెట్టడానికి చుట్టూ చేరినవాళ్ళను ఆపి, అతనిని పడుకున్న చోటే ఉంచి, చెయ్యి ఛాతీకి ఆనించి మా తువాలుతో కట్టి, 108కి ఫోను చేసాము. అంబులెన్సు వచ్చేలోపు అతను రెండు మూడుసార్లు ఒకే మాట అన్నాడు: "మోటారు సైకిలే అనుకొన్నానండి."

ఆ మాటను పాఠకులు కొంచెం ఆగి ఆలోచించాలి. మన దేశంలో ఎడమ పక్కన నడుపుతాము. ఎదురుగా వచ్చేవాళ్ళు మన కుడివైపు నుంచి దాటిపోతారు. అంటే ఎదుటివాళ్ళకు దగ్గరగా ఉండేది మన బండి కుడి లైటు. అదే ఆరిపోతే వాళ్ళకు కనిపించేది దూరంగా ఎడమ అంచున ఉన్న ఒక్క దీపం. "ఎవరో మోటారు సైకిలు మీద పక్కగా వస్తున్నారు, నాకు కావలసినంత దారి ఉంది" అనుకొంటారు. ఆ దీపానికి కుడి పక్కన అయిదడుగుల ఇనుము చీకట్లో వస్తోందని వాళ్ళకు తెలియదు. రెండు లైట్లూ లేని బండి కంటే ఇది ఒక విధంగా ఎక్కువ మోసం చేస్తుంది. చీకటిగా ఉంటే మనిషి జాగ్రత్త పడతాడు. ఒక్క లైటు ఉంటే నమ్ముతాడు.

అతనిని మన ఆసుపత్రికే తెచ్చారు. ఎక్స్‌రేలో కాలర్ బోను విరిగిందనే తేలింది. తలకు దెబ్బ లేదు. మరునాడు ఉదయం రౌండ్సుకు వెళ్ళినప్పుడు అతని భార్య మంచం పక్కన చంటిబిడ్డతో కూర్చొని ఉంది. మేము ఎవరమో ఆమెకు అప్పటికే తెలుసు. కోపంగా ఏమీ అనలేదు. "ఆ లైటు ఎంతవుతుందమ్మా?" అని అడిగింది. బల్బు రెండు వందల చిల్లర అని చెప్పాము. ఆమె ఇంకేమీ అడగలేదు. బిడ్డను ఒక భుజం మీద నుంచి ఇంకో భుజం మీదకు మార్చుకొంది.

వైద్యం ఖర్చు మావారు కట్టారు. ఆ అబ్బాయి కూలిపని. ఆరు వారాలు ఆ చేత్తో బరువు ఎత్తడానికి లేదు. ఆ ఆరు వారాల సంగతి కూడా మాట్లాడుకొన్నాము. అది ఇక్కడ వ్రాయవలసినది కాదు.

కొనేముందు

ఆ శనివారం మధ్యాహ్నం బండిని క్వార్టర్సు ముందుకు తెచ్చి పని పెట్టుకొన్నాము. మావారు, ఐటిఐ చదివిన మా తమ్ముడి కొడుకు, మేము. పగటి వెలుతురులో మొదలుపెట్టడం మంచిది. సాయంత్రం చీకటి పడ్డాక గోడ మీద లైటు సరిచూసుకోవడం ఎలాగూ ఉంటుంది.

ముందుగా పాత బల్బును విప్పి చేతిలో పట్టుకొనే షాపుకు వెళ్ళండి. పికప్పులకు సాధారణంగా 12 వోల్టుల బల్బు, పెద్ద లారీలకు 24 వోల్టులది. మన పాత బండ్లలో ఎక్కువగా వాడేది హెచ్4 అనే రకం. వెనుక మూడు కాళ్ళు, లోపల రెండు తీగలు ఉంటాయి. ఒకటి బ్రైటుకు 60 వాట్లు, ఒకటి డిమ్ముకు 55 వాట్లు. అయితే బల్బు మెడ దగ్గర ఉండే ఇనుప చట్రం రెండు మూడు సైజులలో దొరుకుతుంది. చూడడానికి ఒకేలా ఉండి, ఇంటికి తెచ్చాక కూర్చోదు. పాతది పక్కన పెట్టి చూసుకొంటే ఆ తిప్పట తప్పుతుంది. పోయింది ఒకటే అయినా రెండు బల్బులూ కొనండి. రెండూ ఒకే వయసువి, రెండోది కూడా ఇవాళో రేపో పోయేదే.

షాపులో కుర్రవాడు మాకు రెండు సలహాలు ఇచ్చాడు. మొదటిది, 100/90 వాట్ల బల్బు వేసుకోండి, పట్టపగలులా ఉంటుంది అన్నాడు. 12 వోల్టుల మీద 55 వాట్లంటే దాదాపు నాలుగున్నర ఆంపియర్ల కరెంటు. 100 వాట్లంటే ఎనిమిది దాటుతుంది. పాత బండిలోని సన్నని వైర్లు, ప్లాస్టిక్కు హోల్డరు ఆ వేడికి కరిగిపోతాయి. చట్టం కూడా ఒప్పుకోదు. రెండోది, పాత లైటులోనే తెల్లని ఎల్ఈడి బల్బు బిగించుకోండి అన్నాడు. ఇది చాలామంది చేస్తున్నారు కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. హాలోజెను బల్బులో డిమ్ము తీగ కింద చిన్న రేకు దోనె ఒకటి ఉంటుంది. అది వెలుతురును రిఫ్లెక్టరు పైసగానికి మాత్రమే పోనిచ్చి, అక్కడి నుంచి రోడ్డు మీదకు వంచుతుంది. రిఫ్లెక్టరు గుంట అంతా ఆ తీగ ఎక్కడ ఉంటుందో లెక్క కట్టి చేసినదే. ఎల్ఈడిలో వెలుతురు వచ్చే చోటు, దాని ఆకారం వేరు. అందువల్ల వెలుతురు చెదిరి ఎదుటివాళ్ళ కళ్ళలోకి పోతుంది. నడిపేవాళ్ళకు మాత్రం ముందంతా తెల్లగా వెలిగిపోతున్నట్టు సంతోషంగా ఉంటుంది. ఎల్ఈడి లైటు చెడ్డదని మేము అనడం లేదు. దాని కోసమే తయారైన పూర్తి లైటులో అది బాగానే పనిచేస్తుంది. మేము రెండు సలహాలూ వదిలి మామూలు హాలోజెను తీసుకొన్నాము.

మా బండికి కుడివైపు మొత్తం లైటు పెట్టెనే మార్చవలసి వచ్చింది. లోపలికి నీళ్ళు చేరి రిఫ్లెక్టరు మెరుపు ఊడి, అడుగున తుప్పు మరకలు కట్టాయి. అలాంటిదానిలో ఎంత మంచి బల్బు వేసినా వెలుతురు రాదు. పెట్టె కొనేవారు ఒక్క సంగతి చూసుకోవాలి. అది ఎడమ పక్కన నడిపే దేశానికి చేసినదై ఉండాలి. మన లైటు డిమ్ములో ఉన్నప్పుడు ఎడమవైపు కొంచెం పైకి ఎగసి, రోడ్డు అంచున నడిచేవాళ్ళను చూపిస్తుంది. కుడివైపు కిందకే ఉంటుంది. కుడి పక్కన నడిపే దేశాల లైట్లలో ఇది తిరగబడి ఉంటుంది. అది తెచ్చి ఇక్కడ బిగిస్తే ఎగసిన వెలుతురు నేరుగా ఎదుటివాళ్ళ ముఖం మీద పడుతుంది.

విప్పడం, బిగించడం

ఇంజను ఆపి తాళంచెవి తీసేయాలి. లైట్లు వేసి ఉంటే ఆపి పావుగంట ఆగాలి. హాలోజెను గాజు వేలికి తగిలితే బొబ్బ ఎక్కుతుంది. తరువాత బ్యాటరీకి నెగెటివు వైరు విప్పాలి. దానికంటే ముందు చేతికున్న ఉంగరం, గాజులు, స్టీలు గొలుసు గడియారం తీసి పక్కన పెట్టాలి. స్పానరు గాని, ఉంగరం గాని బ్యాటరీ ప్లస్సుకు, బాడీ ఇనుముకు ఒకేసారి తగిలితే క్షణంలో ఎర్రగా కాలిపోతుంది. ఉంగరం ఉన్న మేరకు వేలి చుట్టూ వలయంలా కాలిన మెకానిక్కు కుర్రవాళ్ళకు మేము కట్లు కట్టాము. అది లోతుగా కాలుతుంది, త్వరగా మానదు.

లైటు వెనుక మూడు కాళ్ళ హోల్డరు ఉంటుంది. వైర్లు పట్టుకొని లాగకూడదు, హోల్డరునే పట్టుకొని తిన్నగా వెనుకకు లాగాలి. హోల్డరు గోధుమరంగుకు తిరిగి, మూతి కరిగినట్టుంటే దాన్ని కూడా మార్చేయండి. దాని తరువాత రబ్బరు తొడుగు, ఆ తరువాత తీగ క్లిప్పు. క్లిప్పును నొక్కి పక్కకు తిప్పితే బల్బు చేతిలోకి వస్తుంది. మా బండి క్లిప్పు తుప్పు పట్టి ఎగిరి ఎక్కడో పడింది. అరగంట సేపు ముగ్గురం నేలమీద వెదికాము. ముందే బండి కింద పాత దుప్పటి ఒకటి పరచి ఉంటే ఆ పని తప్పేది.

కొత్త బల్బు గాజును వట్టి వేళ్ళతో ముట్టుకోకూడదు. మన చర్మం మీద ఉండే నూనె, చెమట ఉప్పు గాజుకు అంటుకొంటాయి. వెలిగినప్పుడు ఆ మచ్చ ఉన్న చోటే వేడి నిలిచి, గాజు దెబ్బతిని బల్బు ముందుగానే పోతుంది. ఆపరేషను థియేటరు దీపాలకు హాలోజెను బల్బులు వాడిన రోజుల్లో మా టెక్నీషియన్లకు ఇదే చెప్పేవాళ్ళం. చేతి తొడుగులు వేసుకొని, బల్బును ఇనుప మెడ దగ్గర మాత్రమే పట్టుకోండి. పొరపాటున గాజు ముట్టుకొంటే శుభ్రమైన గుడ్డకు స్పిరిటు అద్ది తుడిచి, ఆరనిచ్చి బిగించండి. (ఆ తొడుగులు మేము మందుల షాపులో కొన్నవి. వార్డు స్టోర్సు నుంచి తెచ్చామని ఎవరూ అనుకోవద్దు.)

బల్బు మెడకు మూడు చెవులు ఉంటాయి. అవి పెట్టె గాడిలో ఒక్క విధంగానే సరిగ్గా కూర్చుంటాయి, పెద్ద చెవి పైకి వస్తుంది. కూర్చోలేదంటే తిప్పి చూడాలి గాని నొక్కి బిగించకూడదు. వంకరగా కూర్చున్న బల్బు వెలుగుతుంది, కాని వెలుతురు చెట్ల కొమ్మల మీద పడుతుంది. రబ్బరు తొడుగును మాత్రం సోమరితనంతో వదిలేయకండి. మా పాత పెట్టెలోకి నీళ్ళు చేరింది దాని చీలిక గుండానే.

మొత్తం పెట్టె మార్చేటప్పుడు రెండు రకాల స్క్రూలు కనిపిస్తాయి. పెట్టెను బండికి పట్టి ఉంచేవి కొన్ని. లైటును పైకి కిందకు, పక్కలకు తిప్పేవి రెండు. ఈ రెండో రకం వాటిని విప్పేటప్పుడు ముట్టుకోకూడదు. మా మేనల్లుడు ఫోనులో ముందే ఫోటో తీసి పెట్టుకొన్నాడు. బిగించేటప్పుడు ఏది ఎక్కడిదో మావారికి, అతనికి వచ్చిన వాదన ఆ ఫోటోతో తీరింది.

అన్నీ బిగించి స్విచ్చు వేసాము. ఎడమది తెల్లగా వెలిగింది. కుడిది పసుపు దీపంలా మినుకుమంటోంది. కొత్త బల్బు, కొత్త పెట్టె, అయినా అంతే. మావారు షాపువాణ్ణి తిట్టడం మొదలుపెట్టారు. రెండు బల్బులు అటుదిటు ఇటుదటు మార్చి చూసాము. కుడిది మళ్ళీ మందంగానే ఉంది. అంటే లోపం బల్బుది కాదు. ఎర్తు వైరు వెంట వెదికితే అది బాడీకి బిగించిన చోట తుప్పు కట్టి పెళుసుబారి ఉంది. బోల్టు విప్పి, ఇనుము మెరిసేవరకు ఉప్పు కాగితంతో రుద్ది, బిగించి, పైన కాస్త గ్రీజు రాసాము. అప్పుడు వెలిగింది. దారిలో వోల్టేజి పదో వంతు తగ్గితే చాలు, హాలోజెను వెలుతురు ఇంచుమించు మూడో వంతు పడిపోతుంది. పాత బండ్లలో లైట్లు మందంగా ఉండడానికి కారణం బల్బు కంటే ఎక్కువసార్లు తుప్పు పట్టిన ఎర్తే అని తరువాత ఎలక్ట్రీషియను చెప్పాడు. హెడ్‌లైట్ల కరెంటు అంతా స్టీరింగు దగ్గరి స్విచ్చు గుండానే పోయే బండ్లలో రిలే పెట్టిస్తే స్విచ్చు కాలిపోకుండా ఉంటుంది. ఆ రిలే పని మాత్రం మేము అతనితోనే చేయించాము. వైరు ఎక్కడ కత్తిరించాలో తెలియని చేతులు చేసే పని కాదు అది.

ఎడమవైపు పెట్టెను మార్చలేదు. దాని ప్లాస్టిక్కు ముఖం ఎండకు పసుపెక్కి మసకగా ఉంది, లోపల మాత్రం బాగుంది. ఎనిమిది వందల నంబరు ఉప్పు కాగితం, తరువాత పదిహేను వందలు, రెండు వేలు, ఈ వరుసలో నీళ్ళు పోస్తూ రుద్ది, చివర పాలిషు పెడితే తేటపడింది. పళ్ళ పేస్టుతో రుద్దినా కొంత తేటపడుతుంది. అయితే కంపెనీలో పూసిన ఎండ కాపు పొర రుద్దుడులో పోతుంది కాబట్టి, పైన కొత్త పూత వేయకపోతే కొద్ది నెలలకే మళ్ళీ పసుపెక్కుతుంది. పాత గుండ్రటి గాజు లైట్లకు ఈ బాధ లేదు.

గోడ మీద గీత

చాలామంది వదిలేసే పని ఇదే. అసలు పని కూడా ఇదే. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 ప్రకారం రాత్రి మన లైట్లకు 155 మీటర్ల దూరంలోని మనిషి కనిపించాలి. అదే నియమాలలో, ఎదుటివాళ్ళ కళ్ళు చెదరకుండా లైటు కిందకు వంచి ఉండాలని కూడా ఉంది. ఈ రెండూ కుదరాలంటే గోడ కావాలి.

నేల చదునుగా ఉన్నచోట గోడకు పది మీటర్ల దూరంలో బండి నిలిపాము. టైర్లలో గాలి సరిగా ఉండాలి, నడిపే మనిషి సీటులో కూర్చోవాలి. లైటు మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తు ఉందో టేపుతో కొలిచాము. మాది 85 సెంటీమీటర్లు. గోడ మీద ఆ ఎత్తున సుద్దముక్కతో ఒక గీత, దానికి పది సెంటీమీటర్ల కింద ఇంకో గీత గీసాము. డిమ్ములో వెలుతురు పై అంచు ఈ కింది గీతకు తాకాలి. పది మీటర్లకు పది సెంటీమీటర్లు దిగితే, 85 మీటర్ల దూరంలో అది నేలను తాకుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో, మనిషిని చూసి కాలు బ్రేకు మీదకు వచ్చేసరికే బండి పాతిక మీటర్లు పోతుంది. పొడి రోడ్డు మీద పూర్తిగా ఆగడానికి ఇంకో ఇరవై. తడి రోడ్డయితే ఇంకా ఎక్కువ.

ఒక లైటుకు గుడ్డ కప్పి రెండోదాన్ని సరిచేయాలి. స్క్రూను పావు చుట్టు, అరచుట్టు మాత్రమే తిప్పుతూ ఉండాలి. మా పాత ఎడమ లైటు గోడ మీద ఎక్కడ ఉందనుకొన్నారు? పై గీతకు జానెడు పైన! ఇన్నాళ్ళూ ఎదురుగా వచ్చేవాళ్ళు లైట్లు ఆర్పి వెలిగించి సైగ చేస్తుంటే, "పలకరిస్తున్నారు" అని మావారు తిరిగి హారను కొట్టేవారు.

తరువాత మా మేనల్లుడికి ఒక ఆలోచన వచ్చింది. వెనుక ఆరు బస్తాల బియ్యం వేసి చూద్దామన్నాడు. వేసాము. వెనుక కుంగి ముందు లేచింది. గోడ మీద వెలుతురు పై గీతను దాటిపోయింది. బండి ముక్కు ఒక్క డిగ్రీ లేస్తే పది మీటర్ల దగ్గర పదిహేడు సెంటీమీటర్లు పైకి పోతుంది. అందువల్ల బరువుతో తిరిగే పికప్పులకు ఖాళీగా ఉన్నప్పుడే ఇంకొంచెం దించి పెట్టుకోవడం మంచిది. మేము పదిహేను సెంటీమీటర్లకు దించాము.

కళ్ళ సంగతి

పని అంతా అయ్యాక రెండు రాత్రులు నడిపి, "మన లైటు బాగుంది గాని ఎదుటివాళ్ళవి మరీ ఎక్కువ, చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయి" అన్నారు మావారు. ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. ఎదుటి లైటు చుట్టూ వలయాలు కనిపించడం, కళ్ళు చెదిరాక మళ్ళీ రోడ్డు కనబడడానికి చాలాసేపు పట్టడం, ఇవి శుక్లం మొదలవుతున్న గుర్తులు. గ్లకోమాలో కూడా వలయాలు కనిపించవచ్చు. కాబట్టి మీ అంతట మీరే శుక్లమని తేల్చుకోకండి. ఆయనకు ఇది రెండు మూడేళ్ళుగా ఉందట! బండి లైటు బాగుచేసేవరకు ఆ మాట మాతోనైనా అనలేదు. కంటి పరీక్షలో కుడి కంటికి శుక్లం తేలింది. పగటిపూట పేపరు చక్కగా చదివేవారికి కూడా రాత్రి ఈ ఇబ్బంది ఉండవచ్చు. కంటిలోని కటకం కూడా వయసుతో పసుపెక్కి మసకబారుతుంది. దాన్ని ఉప్పు కాగితంతో రుద్దలేము, మార్చవలసిందే. 2024 ఫిబ్రవరిలో ఆపరేషను అయింది. డాక్టరుగారు ఒప్పుకొనేవరకు రాత్రిపూట బండి మా మేనల్లుడే నడిపాడు.

షుగరు ఉన్నవాళ్ళు, నలభై దాటిన డ్రైవర్లు ఏడాదికి ఒకసారి కళ్ళు చూపించుకోవాలి. పిల్లలు మసక చీకట్లో తడుముకొంటూ నడుస్తుంటే అది అల్లరి కాదు, రేచీకటి కావచ్చు. విటమిను ఏ లోపంతో వచ్చేది. వెంటనే తీసుకురండి.

ఆ అబ్బాయి జనవరిలో రివ్యూకు వచ్చాడు. ఎముక అతుకుకొంది. బయట మావారు బండి దగ్గర ఉన్నారు. అతను లైట్లు వేయమన్నాడు. వేశారు. ముందుకు వెళ్ళి నిలబడి డిమ్ము, బ్రైటు రెండూ చూసాడు. వెనుక లైట్లు కూడా చూసి, "ఎడమది వెలగడం లేదండి" అన్నాడు. నిజమే, వెలగడం లేదు. మేము ముగ్గురం ముందు వైపే చూసుకొన్నాము. ఆ బల్బు అతనే షాపుకు వెళ్ళి తెచ్చాడు, ముప్పై రూపాయలు.

మరుసటి వారం అతను తమ ఊరి పాల వ్యాను డ్రైవరును తీసుకొని వచ్చాడు. తరువాత రెండు ఆటోలు వచ్చాయి. క్వార్టర్సు వెనుక గోడ మీద సుద్ద గీతలు చెరిగిపోతున్నాయని మా మేనల్లుడు పెయింటుతో గీసాడు. పది మీటర్ల దగ్గర నేలమీద కూడా ఒక గీత పెట్టాడు. మొన్న గోడలకు సున్నం వేయడానికి వచ్చిన మేస్త్రి ఆ గీతలను ఏం చేయమంటారని అడిగాడు. ఆ ముక్క వదిలేసి మిగతా గోడకు వేయమన్నాము. సాయంత్రం ఆరున్నర తరువాత ఎవరైనా బండి తెచ్చుకోవచ్చు. టేపు, స్క్రూడ్రైవరు వాచ్‌మ్యాను దగ్గర ఉంటాయి.